సెట్రిజిన్‌కు లొంగనివి

(గుంటూరులో ఒక ఆదివారం సాయంత్రం, పాథాలజీ పాఠాలు చెప్పే డాక్టరు ఒకరు సామాన్య శ్రోతల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో శ్రోతల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడు కాస్త ఎక్కువగానే ఉంది. వెనకవాళ్లకు వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

పల్లెటూళ్లో పెరిగినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? సగానికి పైనే. అయితే దూలగొండి గురించి నేను మీకు చెప్పక్కర్లేదు. కంచెల మీద పాకే తీగ, చిక్కుడు జాతి, కాయ మీద బంగారు రంగు నూగు. ఆ నూగును బళ్లో పక్కవాడి బెంచీ మీద చల్లిన వీరులు ఈ హాల్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. (నవ్వులు) చల్లించుకున్నవాళ్లకైతే ఇంకా బాగా గుర్తుంటుంది.

ఆ దురదకి సెట్రిజిన్ వేసుకుంటే తగ్గుతుందా? తగ్గదు. దోమ కుట్టి దద్దురు లేస్తే కొంత తగ్గుతుంది గానీ దూలగొండికి తగ్గదు. సెట్రిజిన్ అడ్డుకునేది ఎలర్జీ వచ్చినప్పుడు ఒళ్లు వదిలే రసాయనం హిస్టమిన్‌ని. దూలగొండి నూగులో పని చేసేది మ్యుకునెయిన్ అనే ఎంజైము, అంటే ప్రొటీన్లను కోసేది. అలాంటిది ఒకటుందని 1950ల్లోనే కనిపెట్టారు. అది దురద ఎలా పుట్టిస్తుందన్నది మాత్రం 2008లో అమెరికాలో ఈథన్ లెర్నర్ బృందం తేల్చింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు ఒక రెడ్డి గారిది లెండి. చర్మంలో ఉండే పార్-2, పార్-4 అనే గ్రాహకాలను, అంటే కణాల మీద కబురందుకునే ప్రొటీన్లను, ఆ ఎంజైము కోస్తుంది. దురద అక్కడ పుడుతుంది.

ఈ గ్రాహకాల సంగతి ఒక్క నిమిషం ఆగి చూద్దాం, ఎందుకంటే ఇవాళ్టి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మామూలు గ్రాహకం పని చెయ్యాలంటే బయటినుంచి ఏదో ఒక అణువు వచ్చి దానికి అతుక్కోవాలి. పార్-2కి ఆ అవసరం లేదు. దాన్ని మేల్కొలిపే ముక్క దాని ఒంట్లోనే, కొస దగ్గర దాగి ఉంటుంది. ఎంజైము వచ్చి ఆ కొసను తెంపుతుంది. దాగిన ముక్క బయటపడి, వెనక్కి వంగి, తన గ్రాహకానికే తగులుకుంటుంది. నరం రేగుతుంది. ఒకసారి తెగింది మళ్లీ అతకదు. ఆ గ్రాహకం పనైపోయినట్టే, కణం ఇంకొకటి తయారు చేసుకోవాల్సిందే.

దూలగొండి పొదల దాకా వెళ్లక్కర్లేకుండా, అలాంటి కోసే ఎంజైములను పొట్ట నిండా పెట్టుకుని మన చర్మంలోనే కూర్చున్న కణం ఒకటుంది. మాస్ట్ కణం. ఎలర్జీ అనగానే అందరికీ హిస్టమిన్ గుర్తొస్తుంది. మా విద్యార్థులను అడిగినా అదే చెప్తారు. నన్నడిగితే, హిస్టమిన్‌కి రావాల్సిన దానికన్నా ఎక్కువ పేరొచ్చింది. మొదటి అరగంట హడావుడిలో ఎక్కువ వాటా దానిదే, కాదనను. ఆ తర్వాత కణజాలంలో మిగిలే నష్టంలో పెద్ద చెయ్యి ఈ ఎంజైములది.

ఈ స్లయిడు చూడండి. చర్మం ముక్క. మేం రోజూ వాడే రంగుల్లో అయితే మాస్ట్ కణం మిగతా కణాల గుంపులో కలిసిపోతుంది, వెతికినా దొరకదు. అదే టొలుయిడిన్ బ్లూ వేస్తే? చుట్టూ అంతా నీలం, కేంద్రకాలు నీలం, ఈ కణాలు మాత్రం వంగపండు రంగు. వేసింది నీలం రంగే, మరి ఇది ఎక్కడినుంచి వచ్చింది? కణం నిండా కిక్కిరిసిన గుళికల్లో హెపారిన్ ఉంటుంది. దాని మీద రుణావేశం చాలా ఎక్కువ. రంగు అణువులు దాని వెంట ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి, వాటి రంగే మారిపోతుంది. జర్మనీలో పాల్ ఎర్లిక్ 1878లో, 24 ఏళ్ల కుర్రాడిగా, తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో ఈ కణాలను ఇలాంటి రంగులతోనే పట్టుకున్నాడు. హెపారిన్ పేరు మీలో కొందరు హార్ట్ ఎటాక్ వచ్చినప్పుడు విని ఉంటారు. రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజక్షన్, అదే పదార్థం.

ఇవి ఎక్కడున్నాయో కూడా గమనించండి. ఇదిగో, రక్తనాళం. దాని పక్కన ఒకటి, ఇక్కడ ఇంకొకటి. నరాల పక్కన, శ్వాసనాళాల గోడల్లో, పేగుల్లో. బయటి ప్రపంచం లోపలికొచ్చే దారులన్నిటి దగ్గరా ఉంటాయి.

గుళికల్లో హిస్టమిన్, హెపారిన్‌తో పాటు మూడు ముఖ్యమైన ఎంజైములుంటాయి: ట్రిప్టేజ్, కైమేజ్, కార్బాక్సీపెప్టిడేజ్ ఏ3. మనిషి మాస్ట్ కణం గుళికల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రొటీను ట్రిప్టేజే. లోపల ఉన్నంతసేపూ ఇవి ఎవరినీ ఏమీ చెయ్యవు. గుళిక లోపల ఆమ్లత్వం ఎక్కువ, పీహెచ్ సుమారు 5.5. ఆ పీహెచ్‌లో ఇవి దాదాపు కదలవు. బయటికొచ్చి మన ఒంటి మామూలు పీహెచ్ 7.4 తగలగానే పని మొదలుపెడతాయి. హిస్టమిన్ నిమిషాల్లో విరిగిపోతుంది. ఇవేమో హెపారిన్‌ను పట్టుకుని, పుట్టిన చోటే చాలాసేపు ఉండిపోతాయి.

గుళికలు బయటపడేలా చేసేది సాధారణంగా ఐజీఈ అనే యాంటీబాడీ. 1966లో ఇషిజాకా దంపతులు దాన్ని కనుక్కున్నారు. అయితే ప్రతిసారీ ఐజీఈ అక్కర్లేదు. 2015లో తెలిసిన సంగతి ఏమిటంటే, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్కులు, ఆపరేషన్ థియేటర్లో కండరాలు వదులు చెయ్యడానికిచ్చే కొన్ని మందులు, ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే గ్రాహకాన్ని నేరుగా తట్టగలవు. (నవ్వులు) పేరు నోరు తిరగదు, వదిలెయ్యండి. జీవితంలో మొదటిసారి తీసుకున్న మందుకే ఒళ్లు ఎర్రబడిందంటే కారణం ఇది కావచ్చు.

ఇప్పుడు ట్రిప్టేజ్ దగ్గరికొద్దాం. మన రక్తంలో ప్రొటీన్లను కోసే ఎంజైములను అదుపు చేసే కాపలా అణువులుంటాయి, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ వగైరా. ఎక్కడ ఎంజైము అతి చేసినా వెళ్లి దాన్ని పట్టుకుంటాయి. ట్రిప్టేజ్‌ని మాత్రం పట్టుకోలేవు. ఎందుకో చాలాకాలం అర్థం కాలేదు. 1998లో జర్మనీలో వోల్ఫ్రామ్ బోడె, రాబర్ట్ హ్యూబర్‌లున్న బృందం దాని స్ఫటిక నిర్మాణం చూసింది. నాలుగు ముక్కలు కలిసి ఉంగరంలా కూర్చుని ఉన్నాయి. కోసే అంచులు నాలుగూ లోపలి రంధ్రం వైపు తిరిగి ఉన్నాయి. కాపలా అణువు లావుగా ఉంటుంది, ఆ రంధ్రంలో పట్టదు. సన్నటి కొసలున్న ప్రొటీన్లయితే లోపలికి దూరతాయి, తెగుతాయి. ఆ నాలుగింటినీ కలిపి ఉంచేది హెపారిన్. హెపారిన్ వదిలేస్తే ఉంగరం విడిపోతుంది. అంటే ట్రిప్టేజ్ పని ఆగేది ఎవరో వచ్చి ఆపితే కాదు, దానంతటది ఊడిపోతేనే. నేను చదివిన ప్రొటీన్ నిర్మాణాల్లో ఇంత గడుసుది ఇంకోటి లేదు.

అది వెళ్లి ఏం కోస్తుంది? మొదట మనం చెప్పుకున్న పార్-2నే. చర్మంలో నరం కొస మీద పార్-2 తెగితే దురద, మంట. రేగిన నరం తన వంతుగా సబ్‌స్టెన్స్-పి లాంటి రసాయనాలు వదులుతుంది, అవి రక్తనాళాలను ఉబ్బిస్తాయి, పక్కనున్న మాస్ట్ కణాలను మళ్లీ కదిలిస్తాయి. ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లులు మా దగ్గరికొచ్చి, "సెట్రిజిన్ సిరప్ పోస్తూనే ఉన్నామండీ, రాత్రంతా గోకుతూనే ఉంటాడు" అంటారు. వాళ్లు పొయ్యడంలో లోపమేమీ లేదు. ఎగ్జిమా దురదలో హిస్టమిన్ వాటా తక్కువ. ఆ సిరప్‌తో పిల్లాడు కాస్త మగతగా పడుకుంటే పడుకోవచ్చు, దురద మాత్రం పెద్దగా పోదు.

ఉబ్బసంలో ఇంకో సంగతి. 2002లో ఇంగ్లండులో బ్రైట్లింగ్ బృందం రెండు రకాల రోగుల శ్వాసనాళాల ముక్కలు పక్కపక్కన పెట్టి చూసింది. ఒక జట్టుకి ఉబ్బసం. ఇంకో జట్టుకి అదే రకం వాపు, దగ్గు ఉన్నా నాళం బిగుసుకుపోవడం లేదు. రెండింటికీ తేడా ఎక్కడ దొరికిందంటే, ఉబ్బసం వాళ్లలో మాస్ట్ కణాలు నాళం చుట్టూ ఉండే కండరం లోపలికే చొరబడి ఉన్నాయి. అక్కడ కూర్చుని ట్రిప్టేజ్ వదిలితే? పీచు కణాలు పెరుగుతాయి, కొలాజెన్ పేరుకుంటుంది. ఏళ్ల తరబడి అదుపు తప్పిన ఉబ్బసంలో గోడ మందమై నాళం సన్నబడటం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి మానేసేవాళ్లు మన దగ్గర చాలామంది. అలవాటు సంగతి అలా ఉంచి, ఆ గోడ సంగతి ఆలోచించండి.

ప్రాణం మీదికి తెచ్చేది అనాఫిలాక్సిస్. పెన్సిలిన్ సూది, కందిరీగ, రొయ్యల కూర, ఏదైనా కావచ్చు. ఒళ్లంతా ఉన్న మాస్ట్ కణాలు ఒకేసారి గుళికలు కక్కుతాయి. బీపీ పడిపోతుంది, గొంతు బిగుసుకుంటుంది. మన ఊళ్లలో అలా జరిగితే వెంటనే చేసేదేమిటి? అవిల్, డెక్సా. చాలాచోట్ల ఇప్పటికీ ఇదే. అవిల్ హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది, సరే. అప్పటికే బయటికొచ్చిన మిగతా సరుకును ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. డెక్సా స్టెరాయిడ్, దాని పని మొదలయ్యేసరికి గంటలు పడుతుంది. మొదట ఇవ్వాల్సింది ఎడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి. అది రక్తనాళాలను బిగిస్తుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది, మాస్ట్ కణం ఇంకా కక్కకుండా కూడా కొంత ఆపుతుంది. చౌక మందు. డాక్టర్లు ఇవ్వడానికి జంకే మందు కూడా అదే, గుండెకేమన్నా అవుతుందేమోనని టెన్షన్. ఇవ్వకపోతే అయ్యేది అంతకన్నా ఘోరం. ఆ మనిషిని లేపి కూర్చోబెట్టకండి, నడిపించకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తు చెయ్యండి. ఆయాసం ఎక్కువగా ఉంటే మాత్రం కూర్చోనివ్వండి.

తర్వాత ఇది నిజంగా అనాఫిలాక్సిసేనా, వేరే కారణంతో పడిపోయాడా అన్న ప్రశ్న వస్తుంది. హిస్టమిన్ కొలుద్దామంటే అప్పటికే మాయం. ట్రిప్టేజ్ దొరుకుతుంది. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. 1987లో లారెన్స్ ష్వార్ట్జ్ దీన్ని రోగులలో చూపించాడు. రక్తం తియ్యాల్సింది గంటా రెండు గంటల మధ్య, ఎంత ఆలస్యమైనా నాలుగు గంటల లోపు. పూర్తిగా కోలుకున్నాక, కనీసం 24 గంటలాగి ఇంకోసారి తీసి పోల్చాలి. లెక్క సులువు: మామూలు స్థాయిని 1.2తో హెచ్చవేసి 2 కలపండి. మామూలు రోజుల్లో 5 ఉన్నవాడికి ఆ రోజు 8 దాటిందంటే మాస్ట్ కణాలు కదిలినట్టే. కేస్ షీటులో టైము రాయకుండా ల్యాబుకి ట్యూబు పంపితే ఆ అంకెకి అర్థం లేదు. మా దగ్గరికొచ్చే ట్యూబుల్లో టైము రాసినవి చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. (నవ్వులు) ఇంకోటి, రొయ్యలు, వేరుశనగలు లాంటి తిండి వల్ల వచ్చినప్పుడు ట్రిప్టేజ్ పెరగకపోవచ్చు. రిపోర్టు నార్మల్ వచ్చింది కాబట్టి నీకేం కాలేదు అనకూడదు. కొంతమందికి పుట్టుకతోనే ట్రిప్టేజ్ జన్యువు అదనపు నకళ్లుండి అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. రెండో ట్యూబు తియ్యమనేది అందుకు కూడా.

పాముల దగ్గరికి వెళ్దాం. నాట్లు పడ్డాక దివిసీమ వైపునుంచి పాముకాటు వార్తలు రాని ఏడాది ఉండదు. విరుగుడు మందు గుర్రం రక్తం నుంచి తీసినది కాబట్టి అది పడక రియాక్షన్ రావడం మామూలే. దాన్ని ముందే ఆపడానికి ఏమివ్వాలి? శ్రీలంకలో 1,007 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. కొద్ది మోతాదు ఎడ్రినలిన్ తీవ్రమైన రియాక్షన్లను మొదటి గంటలో 43 శాతం తగ్గించింది. హిస్టమిన్‌ను అడ్డుకునే ప్రోమెథజిన్ వల్ల ఉపయోగం కనపడలేదు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ వల్లా కనపడలేదు. ఇందాకటినుంచి నేను చెప్తున్నదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నా దగ్గర లేదు.

మరి ఇంత నష్టం చేసే ఎంజైములను ఒళ్లు ఎందుకు పెట్టుకుంది? దీనికి కొంత జవాబు కూడా పాముల దగ్గరే దొరికింది. 2006లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ గల్లి ల్యాబువాళ్లు మాస్ట్ కణాలు లేని ఎలుకలకూ, ఉన్న ఎలుకలకూ పాము విషం, తేనెటీగ విషం ఎక్కించారు. మాస్ట్ కణాలు లేనివి ఎక్కువగా చచ్చిపోయాయి. వాటిలోకి మాస్ట్ కణాలు తిరిగి ఎక్కిస్తే తట్టుకున్నాయి. విషంలోని ప్రొటీన్లను కార్బాక్సీపెప్టిడేజ్ కోసి పారేస్తోందని తేలింది. తర్వాత అదే ల్యాబు నుంచి తేలు విషం మీద కైమేజ్ పని చేస్తుందని, మన రక్తపింజరి విషం విషయంలో ఐజీఈ కూడా ఎలుకలను కొంత కాపాడుతుందని వచ్చింది. జాగ్రత్తగా వినండి, ఇది ఎలుకల మాట, కొద్ది మోతాదు విషం మాట. పాము కరిస్తే ఆస్పత్రికే వెళ్లాలి. "మన ఒంట్లోనే విరుగుడుందట, డాక్టరు గారు చెప్పారు" అని రేపు ఎవరూ వాట్సాప్‌లో పెట్టకండి. (నవ్వులు)

కైమేజ్ గురించి క్లుప్తంగా. ఇది కణాల మధ్య అల్లికను కోస్తుంది, ఎంఎంపీలనే వేరే కోత ఎంజైములను మేల్కొలుపుతుంది. గుండెలో ఇంకో పని చేస్తుంది: యాంజియోటెన్సిన్-1ని బీపీ పెంచే యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వేసుకునేవాళ్లుంటారు. ఆ మందులు ఇదే మార్పు చేసే ఏసీఈ అనే ఎంజైమును ఆపుతాయి, కైమేజ్‌ని ఆపవు. మనిషి గుండెలో ఈ దొడ్డిదారి ఉందని 1990లో కనిపెట్టారు. అయితే టెల్మిసార్టన్‌ లాంటి బీపీ మందులు మేలు కదా, ఏ దారిలో వచ్చినా చివర గ్రాహకం దగ్గర ఆపుతాయి కదా అని నాకూ అనిపించింది. 2008లో రామిప్రిల్‌నీ టెల్మిసార్టన్‌నీ వేలమందిలో పోల్చారు. ఫలితం సమానంగానే వచ్చింది. కాబట్టి ఇంటికెళ్లి మాత్రలు మార్చుకోకండి. కాగితం మీద అందంగా కుదిరిన జీవరసాయనం మనిషి దగ్గర కుదరకపోవడం నాకు కొత్త కాదు.

మందుల సంగతీ ఇంచుమించు అంతే. గుళికలు కక్కకుండా ఆపే క్రోమోగ్లైకేట్‌ను 1960ల్లో రోజర్ ఆల్టూన్యన్ అనే డాక్టరు కనిపెట్టాడు. ఆయనకే ఉబ్బసం. గినీపందుల బొచ్చు నుంచి తీసిన కషాయం తనే పీల్చి, ఆయాసం తెచ్చుకుని, ఒక్కో మందూ తన మీదే పరీక్షించుకున్నాడు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. నేరుగా ట్రిప్టేజ్ మీద ఒక యాంటీబాడీ తయారైంది, ఇందాకటి ఉంగరాన్ని విడగొట్టేది. ల్యాబులో అద్భుతం. ఉబ్బసం రోగుల్లో అనుకున్న మేలు కనపడలేదు. ఫులాసిమ్‌స్టాట్ అని కైమేజ్ మీద ఒక మాత్ర. హార్ట్ ఎటాక్ తర్వాత గుండె పనితీరులో తేడా తేలేదు. ఒక్క ఎంజైమును ఆపితే మిగతావి ఊరుకోవు మరి. ప్రస్తుతానికి చేతిలో ఉన్న మంచి మందు ఓమలిజుమాబ్, ఐజీఈని పట్టేది. ఖరీదు ఎక్కువ.

ప్రశ్నలుంటే అడగండి.

(మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన: యార్డులోకి అడుగుపెడితే చాలు, తుమ్ములు, దగ్గు. ఇది మిర్చి ఎలర్జీయేనా డాక్టరు గారూ?)

చాలామందిలో ఎలర్జీ కాదండీ. ఎలర్జీకి ముందు పరిచయం కావాలి, ఐజీఈ తయారవ్వాలి. యార్డుకి మొదటిసారి వచ్చిన మనిషికి కూడా గేటు దగ్గరే తుమ్ములొస్తాయి కదా! మిరపలోని క్యాప్సైసిన్ నేరుగా నరాన్నే తాకుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కాకపోతే రేగిన నరం పక్కనున్న మాస్ట్ కణాన్ని కదిలించగలదని ఇందాక చెప్పాను, కాబట్టి బొత్తిగా సంబంధం లేదనీ అనను. ఇంటికెళ్లాక కూడా దగ్గు ఆగకపోయినా, రాత్రి పిల్లికూతలు వస్తున్నా ఊది చేసే పరీక్ష ఒకటుంది, స్పైరోమెట్రీ, అది చేయించుకోండి. టిక్కీ బస్తాలు కోసి పోసే కూలీలకు మాస్కులిప్పించండి, మీరు చెప్తే వింటారు.

(ఒక అమ్మాయి: ఈ మాస్ట్ కణాలనే పూర్తిగా తీసేస్తే సరిపోదా సార్?)

ఆ దారిలో వెళ్తున్నారమ్మా. మాస్ట్ కణం బతకడానికి కిట్ అనే గ్రాహకం కావాలి. దాన్ని మూసేసే యాంటీబాడీలు దద్దుర్ల రోగుల మీద పరీక్షల్లో ఉన్నాయి, బాగానే పని చేస్తున్నాయి. అయితే జుట్టుకు రంగునిచ్చే కణాలకు కూడా కిట్ కావాలి. దద్దుర్లు పోయి జుట్టు నెరిసినవాళ్లున్నారు.

(ఇంకొకాయన: మా ఇంట్లో కనాగంతల పులుసు తిన్న నలుగురికీ గంటలోపే మొహాలు ఎర్రబడి దద్దుర్లొచ్చాయి. చేపలు ఎప్పుడూ తినేవాళ్లమే. ఏమంటారు?)

నలుగురికీ ఒకేసారా? అయితే ఎలర్జీ అయ్యే అవకాశం తక్కువ. కనాగంతల్లో, తూర చేపల్లో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. మంచు సరిగ్గా వెయ్యకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. పులుసు ఎంత మరిగినా అది పోదు. మీరు తిన్నది తయారైన హిస్టమిన్నే, మీ మాస్ట్ కణాలు ఏమీ కక్కలేదు, ట్రిప్టేజ్ చూసినా మామూలుగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం సెట్రిజిన్ చక్కగా పని చేస్తుంది. మిగతాది చేపలమ్మే అతన్ని అడగాలి, మంచు ఎక్కడ మిగిల్చాడో. (నవ్వులు)